తొమ్మిదో వారం, బుధవారం

ఫోను మోగేసరికి మొరొలాకె రెండు చేతులూ ఒక పెళ్ళికూతురి జుట్టులో ఉన్నాయి. సగం తలకి సన్న జడలు అల్లింది, సగం తల అలాగే ఉంది. స్పీకరు నొక్కమని పిన్నికి గడ్డంతో సైగ చేసింది.

"ఎక్కడున్నావే?" అంది ఎనియోలా. క్లాసులో పక్క బెంచీ పిల్ల అది. మామూలుగా దాని గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది, ఇప్పుడు గుసగుసలాడుతోంది.

"మొలెతెలో. పిన్ని సెలూన్లో."

"అయితే చచ్చావు. ఫలాడె సార్ ఒజోలో దిగాడు. ఇప్పుడు మా ఫ్యాక్టరీలోనే ఉన్నాడు. నా తర్వాత నువ్వేనట. మొనియాకి దారెటని నన్నే అడుగుతున్నాడు."

మొరొలాకె చేతిలో జడ అలాగే వదిలేసింది. "అమ్మా, నా తల!" అని పెళ్ళికూతురు అరుస్తూనే ఉంది. అప్పటికే ఆమె బల్ల కింద సంచీ కోసం తడుముతోంది. సంచీలో లాగ్‌బుక్కు, ఉతికి మడతపెట్టిన తెల్లకోటు ఉన్నాయి. ఆ కోటు మడతపెట్టి ఐదు నెలలైంది, ఆ మాటకొస్తే ఎప్పుడూ విప్పలేదు.

పుస్తకం లెక్కన మొరొలాకె ఐదు నెలలుగా మొనియాలో అల్హాజా రఫాతు బేకరీలో ట్రైనింగ్ అవుతోంది. పాలిటెక్నిక్‌లో ఫుడ్ టెక్నాలజీ మూడో ఏడు పిల్లలందరూ ఆరు నెలలు ఎక్కడో ఒకచోట ఇంటర్న్‌షిప్ చేసి తీరాలి. చేసిన పని రోజూ లాగ్‌బుక్కులో రాయాలి, వారానికోసారి యజమాని సంతకం పెట్టాలి. ఎప్పుడో ఒకరోజు కాలేజీ సార్ చెప్పాపెట్టకుండా ఊడిపడి చూస్తాడు. పిల్ల కనపడకపోతే సున్నా. సున్నా వస్తే ఆ ఏడంతా పోయినట్టే. తోటివాళ్ళు పట్టాలు తీసుకుని ఫొటోలు దిగుతుంటే, ఆ పిల్ల మళ్ళీ ఫైలు చంకన పెట్టుకుని గేట్లు పట్టుకు తిరగాలి.

పుస్తకం బయటి సంగతి వేరు. మొరొలాకె ఆ బేకరీ బోర్డు ఒకసారి అటుగా వెళ్తూ దూరంనుంచి చూసింది. నీలం రంగు. అంతకుమించి దాని గురించి ఆమెకేమీ తెలియదు.

గేట్లు పట్టుకు తిరగలేదని కాదు. కాలేజీ ఇచ్చిన లెటరు పట్టుకుని ఏప్రిల్ అంతా ఎండలో ఇబాదాన్ ఊరంతా తిరిగింది. బిస్కెట్ల ఫ్యాక్టరీలో వాచ్‌మన్ "మాకు కావలసినంతమంది వచ్చేశారు, వెళ్ళు" అన్నాడు. పిండిమిల్లులో కుర్చీలోని పెద్దమనిషి లెటరు తీసుకుని, చదవకుండా, మాట్లాడినంతసేపూ దాంతో విసురుకుని తిరిగి ఇచ్చేశాడు. చర్చిలో ఒక బాబాయి "ఇక అయిపోయిందనుకో తల్లీ" అని భుజం తట్టాడు. ఆ మర్నాటినుంచి ఆయన ఫోను ఎత్తితే ఒట్టు. గడువు రేపటితో అయిపోతుందనగా పిన్ని దగ్గరికి తల దువ్వించుకోవడానికి వచ్చిన అల్హాజా రఫాతు, ఈ పిల్ల ఏడుపు మొహం చూసి, "లెటరేగా, ఇటు తే" అని అక్కడే మోకాలి మీద పెట్టి స్టాంపు గుద్దేసింది. "కానీ అక్కడికి మాత్రం రాకమ్మాయ్. ఆ సెగలో మగాళ్ళు చొక్కాల్లేకుండా పనిచేస్తారు, ఆడపిల్లని నిన్నెక్కడ నిలబెట్టను? నెలకోసారి నేనే ఇక్కడికొస్తా, పుస్తకం ఇవ్వు, సంతకాలు పెడతా" అంది. పుణ్యం చేశాననే ఆవిడ అనుకుంది. పుణ్యం దొరికిందనే ఈ పిల్లా అనుకుంది.

పుస్తకంలో రాతకి కూడా కరువు రాలేదు. హాస్టల్లో ఒక పాత లాగ్‌బుక్కు జిరాక్సు తిరుగుతుండేది. అట్ట లేదు, రాసినవాడి పేరు లేదు. ఏ పెద్ద బ్రెడ్డు ఫ్యాక్టరీలోనో చేసిన ఇరవైనాలుగు వారాల పని, బొమ్మలతో సహా ఉండేది. అందరూ దాన్ని 'పెద్దన్న' అనేవాళ్ళు. మొరొలాకె పెద్దన్నని అక్షరం పొల్లుపోకుండా దించింది. బొమ్మలు స్కేలు పెట్టి మరీ గీసింది. తన దస్తూరీ బాగుంటుందని మురిసిపోయింది కూడా.

కానీ ఈ ఐదు నెలల్లో ఒక్కపూట నెమ్మదిగా అన్నం తిన్నది లేదు. తెలియని నంబరు మోగితే ఫోను తలగడ కింద దూర్చేసేది. వీధిలో ఎవరు మెడలో ఐడీ కార్డుతో కనపడినా ఫలాడె సారే అనిపించి సెలూను తెర వెనక్కి నక్కేది. పని చేసినవాళ్ళకి పనితోనే అలుపు. చెయ్యనివాళ్ళకి అలుపు ఎన్నిరకాలో ఆమెకి బాగా తెలిసొచ్చింది.

మొలెతె నుంచి మొనియా అంటే ఊరు ఈ చివరినుంచి ఆ చివరికి. టాక్సీలో వెనక నలుగురు, ముందు డ్రైవరుతో కలిపి ముగ్గురు. మొరొలాకె గేరు పక్కన ఇరుక్కుంది. ఇబాదాన్ ట్రాఫిక్కుకి ఎవరి ప్రాణం ఎక్కడ కొట్టుకుంటోందో పట్టదు కదా. ఇవో రోడ్డు దగ్గర ట్రెయిలరు ఒకటి అడ్డం తిరిగి, దాని డ్రైవరు దిగి తీరిగ్గా ఇంకొకడితో పోట్లాడుతున్నాడు. నీళ్ళ ప్యాకెట్టు కొనుక్కుంటే తాగబోయి సగం పక్కావిడ ఒళ్ళో పోసింది.

"ఏంటమ్మా ఇది, నీళ్ళు నాకు పోస్తున్నావు?"

"క్షమించండి అమ్మా. మా సార్ వస్తున్నాడు."

"వస్తే రానీ. సారేగా, సింహమా?" అంది ఆవిడ లుంగీ దులుపుకుంటూ.

ఎనియోలా మళ్ళీ ఫోను చేసింది. "విను. ఆయన్ని అమాల ముద్ద తినమని కూర్చోబెట్టాను. మాంసం రెండు ముక్కలు ఎక్కువ వేయించాను. అరగంట ఆపగలను, అంతే."

"నీ కాళ్ళు మొక్కుతానే ఎనియోలా."

"మొక్కుళ్ళు తర్వాత. ఈసారి ఆయన వేరేగా ఉన్నాడు. ఎప్పుడూ సంతకం పెట్టి పోయేవాడు కదా? ఇవాళ పుస్తకం మొత్తం చదువుతున్నాడు. కొత్త హెచ్.ఓ.డీ. మేడం పుస్తకాలన్నీ తెప్పించుకుని తనే చదువుతానందట. పాతవి కూడానట. నాకైతే ప్రతి మిషనూ చూపించమన్నాడు. నేను నిజంగా చేశాను కాబట్టి బతికిపోయాను."

చివరి మాట దెప్పుదామని అన్నది కాదు. అయినా మొరొలాకెకి గుచ్చుకుంది. మొనియా జంక్షన్‌లో దిగి, బైకెక్కి, ఎర్రమట్టి దారిలో ఎగిరెగిరి పడుతూ నీలం బోర్డు ముందు దిగింది. టైము పదకొండుంబావు.

అల్హాజా రఫాతు గుమ్మంలో రొట్టెలు లెక్కపెట్టి వ్యాను ఎక్కిస్తోంది. మనిషిని చూసి, "నువ్వా? ఇవాళ సంతకాల రోజు కాదుగా?" అంది.

"సార్ వస్తున్నాడు అల్హాజా. ఇంకో పది నిమిషాల్లో."

"ఏ సారు?"

"నేనిక్కడ పనిచేస్తున్నానో లేదో చూసే సారు."

అల్హాజా ముఖంలో రంగు మారింది. ఆ సంతకాలకి ఒకరోజు కాళ్ళొస్తాయని, అవి నడుచుకుంటూ తన గుమ్మంలోకి వస్తాయని ఆవిడెప్పుడూ అనుకోలేదు. "అయ్యో అయ్యో, ముందే చెప్పొద్దూ? సరే సరే, లోపలికి పద. బాబా సాకా! ఈ పిల్ల మన పిల్లే, జూన్ నుంచీ ఇక్కడే ఉంది, విన్నావా?"

బట్టీ దగ్గర ముసలాయన ఒకడు పొడుగు చెక్క తెడ్డుతో రొట్టెల డబ్బాలు లోపలికి తోస్తున్నాడు. తల తిప్పకుండానే, "జూన్ నుంచీ ఇక్కడే ఉంటే నేనెందుకు చూళ్ళేదూ?" అన్నాడు.

"చూశావులే! చూశావని చెప్తున్నా కదా!"

మొరొలాకె కోటు తొడుక్కుంది. మడతలు పలకల్లా నిలబడ్డాయి. నెత్తిన టోపీ పెట్టుకుని చుట్టూ చూసింది. అప్పుడు ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి.

అది ఇటుకలతో, మట్టితో కట్టిన బట్టీ. గుమ్మటంలా ఉంది, ఒకటే నోరు, నోట్లో కట్టెల నిప్పు. గోడకి ఆనించి కట్టెల గుట్ట. మూలన పిండి కలిపే డొక్కు యంత్రం ఒకటి, దానికి తాడుతో బిగించిన మూత. ఇంకేమీ లేదు. మీటరు లేదు, గ్యాసు గొట్టం లేదు.

పుస్తకంలో ఏముందో ఆమె మనసుకి ఇప్పుడు తట్టింది. ఇరవైయ్యొక్క వారాల నిండా గ్యాసుతో నడిచే సొరంగం ఓవెన్ ఉంది. అరవై అడుగుల పొడుగు, బెల్టు మీద రొట్టెలు ఈ చివర ఎక్కి ఆ చివర దిగుతాయి. దాని బొమ్మ ఆమె రెండు రంగుల ఇంకుతో గీసింది. తను పని చేస్తున్నానని రాసిన చోట ఏముందో ఒక్కసారి వచ్చి చూడాలని ఈ ఐదు నెలల్లో ఆమెకి తోచనే లేదు.

"అల్హాజా, మిషను ఏదీ?"

"ఏ మిషను?"

ఇంకేం అడుగుతుంది? పుస్తకం దాచేయనా, పారిపోనా, కళ్ళు తిరిగి పడిపోయినట్టు పడిపోనా అని మూడూ ఒకేసారి అనుకుంది. బయట కారు ఆగింది.

ఫలాడె సార్ సన్నటి మనిషి, గట్టిగా మాట్లాడడు. అరిచే మేష్టర్లయితే అరుపుతో అయిపోతుంది. ఈయన నెమ్మదిగా అడుగుతాడు, అందుకే పిల్లలకి ఈయనంటే చెమటలు. అల్హాజాకి వంగి దణ్ణం పెట్టి, ఇచ్చిన స్టూలు మీద కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని పుస్తకం విప్పాడు. మొదటి వారం నుంచీ చదవడం మొదలుపెట్టాడు. చదువుతున్నంతసేపూ బట్టీలో కట్టెలు చిటపటలాడుతున్నాయి. మొరొలాకె వీపుమీద చెమట ధారగా దిగుతోంది. అది సెగకి కాదని ఆమెకి తెలుసు.

తొమ్మిదో వారం దగ్గర ఆయన వేలు ఆగింది.

"'బుధవారం. కరెంటు పోయినందున ఓవెన్ బెల్టు ఆగిపోయింది. లోపల చిక్కుకున్న రొట్టెలను ముగ్గురం కలిసి చేత్తో లాగాము.'" పైకి చదివి తలెత్తాడు. "ఆ ఓవెన్ చూపించమ్మా."

మొరొలాకె కట్టెల గుట్ట వైపు చూసింది.

"అది రిపేరుకి పంపించాం సార్," అంది అల్హాజా అందుకుని.

"అరవై అడుగుల ఓవెనా? ఎవరి నెత్తిన పెట్టి పంపించారమ్మా?"

బాబా సాకా తెడ్డు మీదికి వంగి దగ్గినట్టు నవ్వాడు. అల్హాజా కండువా సర్దుకుంది.

ఫలాడె సార్ కళ్ళజోడు తీశాడు. "అల్హాజా, మీరు మక్కా వెళ్ళొచ్చిన మనిషి. మీ స్టాంపు, మీ సంతకం ఇందులో ఇరవైయ్యొక్కసార్లు ఉన్నాయి. ఒక్క మాట చెప్పండి చాలు, నేను వెళ్ళిపోతాను. ఈ పిల్ల ఇక్కడ పని చేసిందా?"

పిండి కలిపే యంత్రం ఎవరో ఆపేశారు. అల్హాజా పెదాలు కదిలాయి. చదవకుండా సంతకం పెట్టడం ఆవిడకి ఒక పని, నోటితో అబద్ధం చెప్పడం ఇంకో పని. ఆ రెంటి మధ్యా ఆవిడ నలిగిపోవడం మొరొలాకె కళ్ళారా చూసింది. తనకి అన్నం పెట్టినట్టు స్టాంపు పెట్టిన మనిషి. సిగ్గుతో ఆమె ఒళ్ళు చచ్చిపోయింది. భయం మాత్రం అలాగే ఉంది, అయినా నోరు దానంతటదే తెరుచుకుంది.

"లేదు సార్. నేనెప్పుడూ రాలేదు. ఇవాళే మొదటిసారి. అది హాస్టల్లో దొరికిన పుస్తకం చూసి రాశాను."

ఇప్పుడు అరుస్తాడు, ఎర్ర ఇంకుతో సున్నా చుడతాడు, అయిపోతుంది అనుకుని కళ్ళు మూసుకుంది. ఏమీ కాలేదు. కళ్ళు తెరిచి చూస్తే ఆయన లేచి గుమ్మందాకా వెళ్ళి బయటికి తొంగిచూస్తున్నాడు. తిరిగి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"ఈ మాట ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు సార్."

"చెప్పకు. ఎక్కడా చెప్పకు." స్టూలు మీద కూర్చోబోయి కూర్చోలేదు. "పొద్దున్నుంచి ఐదు చోట్లకెళ్ళాను. మూడు పుస్తకాల్లో ఇదే బుధవారం, ఇదే కరెంటు, అవే రొట్టెలు. ముగ్గురం కలిసి లాగాము. ఆ ముగ్గురూ ఎవరమ్మా?"

"తెలియదు సార్."

"కిందటేడు ఎంతమంది రాశారో! అంతకుముందు ఏడు? ఏడేళ్ళుగా ఈ బుధవారం కింద నా సంతకం ఉంది. నేనెప్పుడూ చదవలేదు. ఒక్కరోజున పద్నాలుగుమంది పిల్లల్ని చూడాలి, ఎవడు చదువుతాడు? ఇప్పుడు కొత్త హెచ్.ఓ.డీ. మేడం చదువుతానంటోంది. పాతవీ తీయిస్తానంటోంది."

ఆయన చేతివేళ్ళు కళ్ళజోడు ఫ్రేము మీద టపటప కొట్టుకుంటున్నాయి. మొరొలాకె ఆ వేళ్ళనే చూస్తూ ఉండిపోయింది. ఐదు నెలలుగా ఎవరిని తలుచుకుని తెర వెనక నక్కిందో, ఆ మనిషి తనకంటే ఎక్కువగా వణుకుతున్నాడు. ఆ వయసులో, ఆ డాక్టరేటు పట్టాతో. అది చూసి ఊరట కలగాలి. కలగలేదు సరికదా, ఇందాకటికంటే ఎక్కువ భయమేసింది.

ఆయన సంచీలోంచి కొత్త లాగ్‌బుక్కు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "సోమవారానికల్లా ఇది నిండాలి. ఇరవైయ్యొక్క వారాలు. ఇక్కడున్నదే రాయి. మట్టి బట్టీ, కట్టెలు, ఆ ముసలాయన చెప్పింది ఏదైనా. ఆ ఓవెన్ ఊసు మాత్రం ఎత్తకు. అల్హాజా మళ్ళీ సంతకాలు పెడతారు. నీకు అరవైఎనిమిది మార్కులు వేస్తాను. నీ ఏడు ఎక్కడికీ పోదు. పాత పుస్తకం ఇటివ్వు."

పాత పుస్తకం చంకన పెట్టుకుని, వంగి దణ్ణం కూడా పెట్టకుండా కారు వైపు నడిచాడు.

మొరొలాకె అల్హాజా వైపు తిరిగింది. అల్హాజా తల అడ్డంగా ఊపింది.

"నేను పెట్టనమ్మాయ్. అప్పుడంటే చదవకుండా పెట్టాను. ఇప్పుడంతా విన్నాను కదా, విన్నాక చెయ్యి ఎలా ఆడుతుంది?"

ఆవిడ పెట్టకపోయినా ఆగదు. ఒజో బస్టాండులో గొడుగు కింద కూర్చునేవాడు పది నిమిషాల్లో ఏ స్టాంపైనా కోసిస్తాడు, ఆ సంగతి హాస్టల్లో అందరికీ తెలుసు. సంతకం వంకర కూడా ఆమె చేతికి వచ్చేసింది. మూడు రోజులు కూర్చుంటే పుస్తకం నిండుతుంది. పట్టా వస్తుంది. ఆ తర్వాత ఎవరో ఒక కొత్త మనిషి, ఎప్పుడో ఒకరోజు, పాత పుస్తకాలు తీయిస్తానంటుంది. ఇంటికెళ్ళి అమ్మతో ఏడు పోయిందని చెప్పాలంటే ఆమెకి భయమే. కానీ ఆ టపటపలాడే వేళ్ళు కళ్ళముందు నుంచి కదలడం లేదు. అలాంటి పొద్దు ఇంకొక్కటి కూడా తను బతకలేదు. ధైర్యం వచ్చి కాదు, ఒక భయం కంటే ఇంకో భయం పెద్దదై కారు వైపు పరిగెత్తింది.

కారు అప్పుడే వెనక్కి తిరుగుతోంది. అద్దం మీద కొట్టింది.

"నేను రాయలేను సార్."

ఆయన అద్దం సగమే దించాడు. "రాయకపోతే నువ్విక్కడ లేవని రాయాల్సి వస్తుంది. దానర్థం తెలుసా?"

"తెలుసు సార్."

"ఏడాది పోతుంది."

"తెలుసు సార్."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. తిడతాడేమో అనుకుంది. "నా పేరు ఎక్కడా ఎత్తవు కదా?" అన్నాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది. అద్దం పైకి లేచింది. దుమ్ము రేపుకుంటూ కారు వెళ్ళిపోయింది.

మొరొలాకె లోపలికొచ్చి కట్టెల గుట్ట పక్కన కూలబడి ఏడ్చింది. ఎవరూ ఓదార్చలేదు. రొట్టెలు మాడిపోతున్నాయి మరి. బాబా సాకా రెండు వాయిలు తీసి, మూడోది పెట్టి, చెమట తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఏడుపు అయిందా?"

"అయింది తాతా."

"మళ్ళీ ఏడాది పని కోసం ఎక్కడ తిరుగుతావు?"

ఆమె అల్హాజా వైపు చూసింది. అల్హాజా వ్యాను లెక్క రాసే పెన్ను చెవి వెనకనుంచి తీసి ఆమె ఒళ్ళోకి విసిరింది. "మళ్ళీ ఏడాది దాకా ఎందుకు? రేపు ఐదింటికి రా. ఆ నైలాను కోటు పారెయ్యి, నిప్పు రవ్వ పడితే ఒంటికి అంటుకుపోతుంది. నూలు బట్ట కట్టుకురా. మగాళ్ళకి చొక్కాలు తొడుక్కోమని చెప్తాలే. లెటరూ గిటరూ కాలేజీ అడిగినప్పుడు చూద్దాం."

కొత్త పుస్తకం మొదటి పేజీ తెల్లగా ఉంది. చూసి రాయడానికి పక్కన ఏదీ లేదు. మొరొలాకె తారీఖు వేసింది. రెండు ముక్కలు రాసింది. 'ఈరోజు పదకొండుంబావుకి వచ్చాను. బట్టీ చూశాను, దాని గురించి నాకేమీ తెలియదు.'

అల్హాజా పుస్తకం తీసుకుని, వెలుతురు కోసం గుమ్మందాకా వెళ్ళింది. ఇరవైయ్యొక్క వారాలు చదవకుండా సంతకం పెట్టిన మనిషి, ఈ రెండు ముక్కలనీ వేలుపెట్టి కూడబలుక్కుంటూ చివరిదాకా చదివింది. చదివి, కింద సంతకం పెట్టింది.